మాల తీసిన మర్నాడు

నా కొడుకు సదానందం మడికొండ వైపు ఆటో నడుపుతాడు. ఆటో మా గల్లీ మలుపు తిరిగే చప్పుడును బట్టే వాడు తాగాడో లేదో మనుమరాలు దీప్తికి తెలిసిపోయేది. చిన్న పిల్ల, మూడో తరగతి. తాగాడని తెలిస్తే చాలు, అలమరలోని స్టీలు గ్లాసులన్నీ మెల్లగా దించి నా మంచం కిందికి తోసేది. వాడు కోపమొస్తే విసిరేది వాటినే మరి. తర్వాత టీవీ కట్టేసి పుస్తకం ముందు పెట్టుకునేది. పేజీ మాత్రం తిప్పేది కాదు. బడిలో ఎవరు గట్టిగా మాట్లాడినా చెవులు మూసుకుంటోందని టీచరమ్మ మా కోడలు పద్మలతతో చెప్పిందట.

అలాంటివాడు మొన్న కార్తీకంలో అయ్యప్ప మాల వేశాడు. మాల మీద ఉన్నన్నాళ్లు మందు ముట్టకూడదు, కోపం చేయకూడదు. ఇంట్లో అందరూ స్వామీ అనే పిలవాలి, కన్నతల్లి అయినా సరే. నాకు నోరు తిరిగేది కాదు గానీ, దీప్తికి ఆ పిలుపంటే ఎంత ముద్దో.

“స్వామీ, నాకు జడ ఏస్తరా?”

“స్వాములు జడలెయ్యరు బిడ్డా.”

“మరి ఆటోల స్కూల్‌కు తీస్కపోతరా?”

“తీస్కపోతరు. కిరాయి ఇయ్యాలె.”

“నాయినమ్మ ఇస్తది తియ్. బొడ్లె సంచి ఉన్నది.”

ఆ పిల్ల పగలబడి నవ్వగా వినడం నాకదే మొదలు. గ్లాసులు అలమరలోనే ఉన్నాయి.

కొండకు పోయి వచ్చాక మాల నా చేతే తీయించాడు. ఇంకో నెల ఉంచుకోరాదురా అని నోటిదాకా వచ్చింది. అలా ఉంచుకునే ఆచారం లేదు. ఆ సాయంత్రమే వాడి దోస్తు యాకయ్య వాకిట్లో నిలబడ్డాడు.

“మాల దిగిందా సదన్నా? నడు మరి.”

వచ్చేసరికి ఎప్పటి సదానందమే. గ్లాసులు గోడకు తగిలాయి.

మర్నాడు సిగ్గుపడ్డాడు. చుక్క ముట్టకుండా, వేడి జిలేబీ కట్టించుకుని పొద్దుండగానే వచ్చాడు. ఆటో చప్పుడు మామూలుగానే ఉంది. అయినా పిల్ల లేచి గ్లాసులు దించడం మొదలుపెట్టింది. వాడు గడపలో ఆగిపోయాడు.

“ఇయ్యాల తాగలే బిడ్డా. ఎందుకు దాస్తానవ్?”

“నువ్విప్పుడు స్వామివి కాదు గదా.”

“మీ డాడీనే గదనే.”

“అందుకే.”

వాడు అక్కడే కూలబడ్డాడు. జిలేబీ పొట్లం ఒళ్లోనే చల్లారింది. ఏదో ఒకటి అనాలని నేనే అన్నాను.

“మళ్ల కార్తీకంల మాలేస్తడు తియ్ బిడ్డా.”

“అప్పటిదాంక, నాయినమ్మా?”

పద్మలత పొయ్యి దగ్గరి నుంచి ఇటు తిరగలేదు.

వాడు కొన్నాళ్లు ఆగాడు, తర్వాత మామూలే. ఇప్పుడు దీప్తి ఆటో చప్పుడు కోసం చెవి పెట్టడం లేదు. గ్లాసులు ఎప్పుడూ మంచం కిందే. దాహమైతే నేనే వంగి ఒకటి తీసుకుంటాను, తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెడతాను.