తువ్వాలు కింద చిటికెనవేలు

ఆ ఆదివారం మధ్యాహ్నం సుదర్శన్ బళ్లారి గాంధీనగర్‌లో యల్లేష్ అంగడికి వచ్చి కూర్చున్నాడే గానీ, మనిషి మనిషిగా లేడు. యల్లేష్ భార్య ప్రేమగా పెట్టిన బొరుగుల ఒగ్గాని చల్లారిపోయింది, మిర్చిబజ్జీ మెత్తబడిపోయింది. గదిలో ఉన్నవాళ్లంతా గోడ గడియారం చూస్తుంటే, అతనొక్కడే దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

యల్లేష్ ముందువైపు అంగడిలో నోటుపుస్తకాలు, క్రికెట్ బ్యాట్లు అమ్ముతాడు. వెనక గదిలో రెండు పొడుగాటి బల్లలు. ఆదివారమైతే అక్కడ ‘బురుజు’ ఆడతారు. బురుజంటే పేకాట కాదు. పేకాటే అనుకొని సుదర్శన్ వాళ్ల నాయన, కప్పగల్లులో అంత భూమీ రోడ్డు మీద అన్ని లారీలూ ఉన్న పెద్దమనిషి, కొడుకు చెడిపోయాడని చాలాకాలం మాట్లాడనే లేదు. ఇందులో ఎవరి కార్డులు వాళ్లే కూడబెట్టుకోవాలి, వాటిలోంచి ఏరి కట్ట కట్టుకోవాలి, ఆ కట్టతో ఎదుటివాడి కోట కూల్చాలి. కార్డుల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఆ పేర్లు నోరు తిరగక బళ్లారివాళ్లు తమ పేర్లు తాము పెట్టుకున్నారు.

అట్లా పేరు పెట్టుకున్నదే కరువమ్మ. ఆ కార్డు దిగిందంటే ఎదుటివాడు కొత్త కార్డు తీసుకోలేడు, చేతిలో ఉన్నవాటితోనే ఏడవాలి. ఒక్కో కట్టలో నాలుగు పెట్టుకోవచ్చు. ఆటను నడిపే కంపెనీ అప్పుడప్పుడూ ఒక లిస్టు పంపుతుంది. ఫలానా కార్డు ఇకమీదట నిషేధం, ఫలానాది కట్టలో ఒక్కటే ఉండాలి అని. ఆ లిస్టు ఈరోజు ఐదింటికి రావాలి. వచ్చే ఆదివారం హొసపేటలో పోటీ. అక్కడ గెలిచిన ఒక్కరినే కంపెనీ బెంగళూరు ఆటకు పిలుస్తుంది.

అందరికీ ఐదింటికి వచ్చే లిస్టు సుదర్శన్‌కు పన్నెండింటికే వచ్చింది. బళ్లారి వైపు పోటీలన్నిటికీ అతనే జడ్జి. నోటితో గానీ రాతతో గానీ ఎవరికీ తెలియనివ్వనని ఒప్పుకుంటేనే అది తెరుచుకుంటుంది. ఒప్పుకున్నాడు, తెరిచాడు, చదివాడు. కరువమ్మ పూర్తిగా నిషేధం. కట్టలో ఒక్కటి కూడా ఉండకూడదు. కరువమ్మ పోయిందంటే, ఆటలో దానికొక్కదానికే భయపడే నల్ల గుర్రం కార్డుకు ఇక అడ్డు లేదు. బళ్లారి మొత్తంలో నల్ల గుర్రాలు రెండే ఉన్నాయి. ఒకటి యశస్వినిది, ఇంకొకటి మౌనేశ్‌ది.

యశస్విని అతని చిన్నాన్న కూతురు. ఈ ఆట ఆ పిల్లకు నేర్పింది అతనే. హొసపేటలో పోయినసారి ఒక్క ఆట తేడాతో ఓడిపోయి వచ్చి దారి పొడవునా కారులో ఏడ్చింది. ఈసారి కూడా ఓడితే లారీ ఆఫీసులో కూర్చోవాలి, ఇక కార్డులు ముట్టకూడదు అని చిన్నాన్న తేల్చి చెప్పాడు. అట్లాంటి పిల్ల ఇప్పుడు ఎదురుగా కూర్చుని, పోయే కరువమ్మ కోసం ఉండే నల్ల గుర్రాన్ని ఇచ్చేయడానికి తయారవుతోంది. చూస్తూ ఊరుకోవాలి. జడ్జి కదా మరి.

“అన్నా, మా బేరానికి మధ్యకు రా” అంది యశస్విని. “కొట్రేశన్నకు బస్సు టైమైతాంది.”

కొట్రేశ్‌ది కెంచనగుడ్డ. వరి పండిస్తాడు. కార్డులు టిఫిన్ డబ్బాలో పెట్టుకొని బస్సెక్కి వస్తాడు, నాలుగున్నర బస్సుకు వెళ్లిపోతాడు. ఆ బస్సు తప్పితే ఊరు చేరేసరికి చీకటి పడుతుంది, ఇంట్లో రభస. “రెండు కరువమ్మలు ఇస్తానప్పా. నాకు నల్ల గుర్రం గావాల” అన్నాడతను. “గెలిచేదానికి గాదు. ఆ బొమ్మ మీద మనసు పడిండాది, అంతే.”

“ఐదింటికి లిస్టు వస్తాది గదమ్మా, సొల్పసేపు ఆగు” అన్నాడు యల్లేష్.

“లిస్టులో కరువమ్మ లేదని తెలిసినాక ఇంత సులువుగా ఎవరిస్తారు మామా? నిషేధం ఏనుగు కార్డు మీద పడతాదంట గాని కరువమ్మకేం గాదంట. అందరూ అదే చెప్తాండారు.” యశస్విని ఆగి సుదర్శన్ వైపు తిరిగింది. “అన్నకు ముందే వచ్చింటాది గదా. ఏమన్నా ఉంటే మొగంలో తెల్దా?”

గదిలో ఉన్న కళ్లన్నీ ఒక్కసారి సుదర్శన్ మొహం మీద వాలాయి. అతను నీళ్ల చెంబు ఎత్తి తాగాడు, దాహం లేకపోయినా చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. చెంబు మొహానికి అడ్డం ఉన్నంతసేపే కాస్త హాయిగా ఉంది.

“నన్నెవరూ ఏమీ అడగొద్దు” అన్నాడు చివరికి. “తువ్వాలు తే మామా.”

ఆ గదిలో ఏ మార్పిడైనా తువ్వాలు కిందే జరుగుతుంది. ఆ పద్ధతి తెచ్చింది సుదర్శనే. వాళ్ల తాత లక్ష్మన్న ఎద్దుల సంతలో మధ్యమనిషిగా పేరు మోసినవాడు. సంతలో బేరం నోటితో చెబితే పక్కవాడు చెడగొడతాడని, చేతుల మీద తువ్వాలు కప్పి వేళ్లు పట్టుకొని నడుపుతారు. మధ్యమనిషి ఒక్కొక్కరి చేయి పట్టుకొని, ఎవరెంతంటున్నారో రెండోవారికి చేరవేస్తాడు. బొటనవేలు నొక్కితే ఖాయం. చిటికెనవేలు పట్టి అరచేతిలోకి మడిస్తే, ఈ బేరం నీకు మంచిది కాదు లేచిపో అని. తువ్వాలు కింద చేయి పట్టుకున్నాక వాడు నీవాడే, చుట్టమా పరాయివాడా అని చూడకూడదు అనేవాడు తాత. సుదర్శన్ అవన్నీ ఇక్కడ అందరికీ నవ్వులాటగా నేర్పాడు. రానురాను ఆ నవ్వులాట కట్టుబాటైంది.

యల్లేష్ ఎర్రంచు తువ్వాలు తెచ్చి కప్పాడు. సుదర్శన్ కుడిచేత్తో కొట్రేశ్ చేయి, ఎడమచేత్తో యశస్విని చేయి పట్టుకున్నాడు. కొట్రేశ్ రెండు వేళ్లు అందించాడు. యశస్విని ఒక వేలు అందించింది. ఇక అతను బొటనవేలు నొక్కడమే మిగిలింది.

నొక్కలేకపోయాడు. చెల్లెలి చేయి చల్లగా ఉంది, భయపడ్డప్పుడు చిన్నప్పటి నుంచీ అంతే. నోటితో చెప్పనన్నాను, రాతతో చెప్పనన్నాను, చేతి సంగతి నన్నెవరూ అడగలేదు కదా అనుకున్నాడు. ఎంత తెలివి చూడండి! అంత చదువుకున్నవాడు, తనను తాను మోసం చేసుకోవడానికి సందు దొరకగానే అందులో దూరిపోయాడు. తువ్వాలు కదలకుండా యశస్విని చిటికెనవేలు పట్టి అరచేతిలోకి మడిచాడు.

ఆమె కనురెప్ప కూడా కొట్టలేదు. చేయి లాక్కుంది.

“వద్దులే కొట్రేశన్నా. నా గుర్రం ఇచ్చేకి మనసొప్పలేదు” అంది.

సుదర్శన్ గుండె మీద నుంచి పెద్ద బరువు దిగింది. ఆ సంబరం చెంబెడు నీళ్లు తాగేంతసేపు కూడా నిలవలేదు.

“అట్లైతే నేనిస్తా” అని వెనక బల్ల దగ్గర నుంచి మౌనేశ్ లేచాడు.

మౌనేశ్ జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పని చేస్తాడు. వచ్చే ఆదివారం సెలవు కోసం మేస్త్రీతో పోట్లాడి, రాత్రి షిఫ్టులు అదనంగా చేస్తానని ఒప్పుకొని సంపాదించుకున్నాడు. బెంగళూరు అతను ఇంతవరకూ చూడలేదు. తెగిపోయిన జీన్స్ గుడ్డతో తానే కుట్టుకున్న చిన్న సంచిలో, చొక్కా జేబులో, గుండెకు ఆనించి నల్ల గుర్రాన్ని పెట్టుకొని తిరుగుతాడు. ఈ గదిలోనే మొదటిసారి గెలిచినప్పుడు వచ్చిన కార్డు అది. సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

“నాకాడ కరువమ్మలు రెండే ఉండాయి. ఇంకా రెండు కలిస్తే హొసపేటలో నన్నెవరూ పట్టలేరు” అన్నాడు. “రా అన్నా, చేయి పట్టుకో.”

సుదర్శన్ చేయి పట్టుకున్నాడు. సూది పొడిచిన గాట్లతో గరుకుగా ఉన్న చేయి. వెచ్చగా, ఏ బెరుకూ లేకుండా ఉంది. కొట్రేశ్ గడియారం చూశాడు. యల్లేష్ సుదర్శన్‌నే చూస్తున్నాడు. ఒకరు లేచిపోయిన బేరం నుంచి రెండోవారు కూడా లేచిపోతే, కరువమ్మకు మూడిందని గదిలో పసిగట్టని వాడుండడు. జడ్జి పని పోతుంది, ఇంతకాలం సంపాదించుకున్న పేరు పోతుంది. మౌనేశ్ చిటికెనవేలు అతని వేళ్ల మధ్యే ఉంది. మడిస్తే చాలు.

ఇంకో ఆలోచన కూడా ఎక్కడో అడుగున కదిలింది. హొసపేటలో యశస్వినికి గట్టి పోటీ అంటూ ఉంటే అది మౌనేశే. ఆ ఆలోచనను అతను చూడనట్టే చేశాడు.

“ఏందన్నా, ఇంతసేపు?” అన్నాడు మౌనేశ్ నవ్వుతూ. “కొట్రేశన్న బస్సు పోతాది.”

సుదర్శన్ బొటనవేలు నొక్కాడు.

కొట్రేశ్ నల్ల గుర్రాన్ని కళ్లకద్దుకొని డబ్బాలో పెట్టుకొని, చెప్పులేసుకొని పరుగెత్తాడు. మౌనేశ్ రెండు కరువమ్మలనూ జీన్స్ సంచిలో దూర్చి జేబులో వేసుకున్నాడు. యశస్విని తల వంచుకొని తన కార్డులు సర్దుకుంటోంది. ఒకసారి తలెత్తి అన్నను చూసింది. ఆ చూపుకు సుదర్శన్ నిలవలేక, బయటికి పోయి మోటర్‌సైకిల్ పక్కన ఊరికే నిలబడ్డాడు. కొట్రేశ్ ఎక్కిన బస్సు వెనక పోయి ఆపుదామా అనిపించింది. తాళం చేతిలోనే ఉంది. ఏమని చెప్పి ఆపాలో తోచక మళ్లీ లోపలికి వచ్చాడు.

ఐదయింది. యల్లేష్ ఫోన్ టింగుమంది. యల్లేష్ కళ్లద్దాలు పెట్టుకొని పైకి చదవడం మొదలుపెట్టి, మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు.

“కరువమ్మ” అన్నాడు. “నిషేధం. వచ్చే ఆదివారం నుంచే.”

ఒకడు బల్ల గుద్దాడు. ఒకడు కంపెనీవాళ్ల వంశాన్నంతా తిట్టాడు. కట్టలో నాలుగు కరువమ్మలూ ఉన్నవాడు పిచ్చినవ్వు నవ్వుతూ వాటిని వేరు చేయసాగాడు. ఏనుగుల వాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. మౌనేశ్ మాత్రం సంచి తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నాడు. నాలుగు కరువమ్మలూ పోయాయి, గుర్రమూ పోయింది. ఆ కట్టతో హొసపేట పోవడమూ, పోకపోవడమూ ఒకటే. సెలవు కోసం ఒప్పుకున్న రాత్రి షిఫ్టులు మాత్రం మిగిలాయి.

“నీది అదృష్టమమ్మా” అన్నాడు యల్లేష్ యశస్వినితో. “కాసింతలో తప్పించుకుంటివి.”

సుదర్శన్ మౌనేశ్ పక్కకు వెళ్లి కూర్చున్నాడు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాడు. మౌనేశే ముందు మాట్లాడాడు.

“బాధపడొద్దులే అన్నా. నీకు తెలిసింటాది, చెప్పకూడదు, అంతే గదా.” నవ్వడానికి చూశాడు. “మాట అంటే మాటే. సొంత చెల్లెలు ఎదురుగా కూసున్నా గూడా నువ్వు నోరు తెరవలేదు. అట్లాంటోనివి జడ్జిగా ఉంటే మాకు భయమెందుకు?”

తిట్టినా కొట్టినా సుదర్శన్ తట్టుకునేవాడు. ఈ మెచ్చుకోలు మాత్రం పచ్చిపుండు మీద కారం చల్లినట్టయింది.

యశస్విని లేచి వచ్చింది. తన నల్ల గుర్రాన్ని కట్టలోంచి తీసి మౌనేశ్ ముందు పెట్టింది.

“తీసుకో” అంది.

“నాకెందుకు పాపా నీది?”

“ఎందుకో అన్నను అడుగు.” ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి. “నువ్వు చెప్తావా అన్నా, నన్ను చెప్పమంటావా?”

యల్లేష్ కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. జడ్జి పనీ, పేరూ, ఇందాక దేనికోసం బొటనవేలు నొక్కాడో అదంతా ఆ బల్ల మీద ఉందని సుదర్శన్‌కు తెలుసు. తువ్వాలు అవతలికి తోసేసి, అందరూ చూస్తుండగా మౌనేశ్ చేయి తన చేతిలోకి తీసుకున్నాడు. చిటికెనవేలు పట్టుకొని, మెల్లగా, అరచేతిలోకి మడిచాడు.

మౌనేశ్ ఆ వేలి వైపు చూశాడు. తరువాత యశస్వినిని చూశాడు. ఆమె తల దించుకుంది. అతను చేయి వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నల్ల గుర్రాన్ని ముట్టుకోలేదు. తన కట్ట, జీన్స్ సంచి ఎత్తుకొని గుమ్మం దాకా పోయి ఆగాడు.

“నా చేయి గూడా నీ చేతిలోనే ఉండె గదన్నా” అన్నాడు.