గూడ్సు బండి పేరు

ఫోను వచ్చేసరికి అనిరుధ్ మొహమంతా సబ్బు నురగ. గడ్డం సగం గీసి సగం వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"వాసూ, మైకు నాకే ఇచ్చారు. మూడు రోజులూ నేనే."

వాసవి చేతిలో గరిటెతోనే ఒక్క గెంతు గెంతింది. పెళ్ళై రెండు నెలలు. కొత్త కుక్కరు మొదటి కూత వేసినా, డాబా మీద ఆరేసిన చీర ఎగిరి వచ్చి అతని తల మీద పడినా ఆమెకి పండగే. ఇది మరీ పెద్ద పండగ. వాళ్ళుంటున్న హిందీ ఊళ్ళో, ఇండోర్ స్టేడియంలో అమ్మాయిల వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు. అయిదు దేశాల వాళ్ళు వస్తున్నారు. ఇన్నాళ్ళూ పూజా పందిళ్ళలో, వీధి క్రికెట్ మ్యాచుల్లో గొంతు చించుకున్న మనిషికి ఇంత పెద్ద మైకు దొరకడం ఇదే మొదలు.

సాయంత్రానికి పేర్ల జాబితా వచ్చింది. మంచం మీద బోర్లా పడుకుని, మధ్యలో మరమరాల గిన్నె పెట్టుకుని ఇద్దరూ చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ నాలుక మడతపడుతోంది, ఒక్కో పేరుకీ నవ్వు. శ్రీలంక అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి అనిరుధ్ ఆగిపోయాడు. దిల్‌రుక్షి వరకూ బాగానే ఉంది. ఆ వెనక ఇంటిపేరు కాగితం అంచు దాకా పోయి, కింది వరసలోకి దిగింది.

"ఇది పేరు కాదండీ, గూడ్సు బండి," అంది వాసవి. "మా చీపురుపల్లి గేటు దగ్గర ఇలాగే. గేటు పడిందంటే బండి ఆపుకుని నిలబడాల్సిందే. బోగీ వెనక బోగీ, బోగీ వెనక బోగీ." దుప్పటి కొస పట్టుకుని గార్డులా జెండా ఊపింది.

అనిరుధ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది మైకులో వాడేస్తాను."

"వాడుకోండి. కానీ నా పేరు చెప్పాలి."

వరండాలో కూర్చున్న మావగారు బలరాం అంతా విన్నాడు. ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఆయన నవ్వలేదు.

"ఆ పిల్లనే అడిగితే చెప్తాది కదేటి?"

"టైమెక్కడిది నాన్నా. అరవై మంది ఉన్నారు."

"అడగడానికి అరనిమిషం చాలదేటి," అని ఆయన పేపరు తిరగేసుకున్నాడు.

పోటీల మొదటి రోజు వాసవి పెళ్ళిలో పెట్టిన నీలం చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. పైనుంచి అనిరుధ్ గొంతు గుండ్రంగా, నిండుగా దిగుతుంటే, అది తనకి మాత్రమే తెలిసిన గొంతని ఆమెకి గర్వం.

శ్రీలంక అమ్మాయి వంతు వచ్చింది. పొట్టిగా, బిగుతుగా, పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. చేతులకి తెల్లపొడి రాసుకుంటోంది.

అనిరుధ్ ఆమె మొదటి పేరు పలికి, ఆగి, హిందీలో అందుకున్నాడు. సోదరసోదరీమణులారా, మన సుపేలా పాత ఫాటక్ గేటు పడింది, స్కూటర్లు ఆపుకోండి, మాల్‌గాడీ వస్తోంది. తర్వాత ఇంటిపేరును ముక్కలు ముక్కలుగా, రైలు చక్రాల తాళంలో లాగాడు. స్టేడియం ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఎవరో "ఛుక్ ఛుక్" అన్నారు. అందరూ అందుకున్నారు.

దిల్‌రుక్షి జనం వైపు చూసి నవ్వింది. వాళ్ళు తనని ఉత్సాహపరుస్తున్నారనుకుందో ఏమో. డెబ్భై కిలోలు ఎత్తి దింపింది. వాసవి పక్కసీటు ఆవిడ వైపు వంగి, "దీదీ, ఆ మాట నాదే," అని చెప్పుకుంది.

రెండోసారి అనిరుధ్ నోరు తెరవకముందే ఛుక్ ఛుక్ మొదలైంది. ఆ అమ్మాయి బార్ దగ్గర ఆగి, తన కోచ్ వైపు తిరిగి ఏదో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఈసారి ఆమె నవ్వలేదు. డెబ్భైమూడు ఎత్తింది గానీ రెండడుగులు తూలి నిలదొక్కుకుంది.

మూడోసారి డెబ్భై ఆరు. అనిరుధ్ "ఫాటక్ బంద్" అన్నాడంతే. మిగతాది జనమే చేశారు. కాళ్ళు నేలకేసి కొడుతూ, ముందు మెల్లగా, తర్వాత వేగంగా. ఆ మోతలో ఆమె వంగింది, లాగింది, బార్ తల మీదికి వెళ్ళింది. కుడి మోచెయ్యి వెనక్కి విరిగింది.

బార్ పడిన చప్పుడు కన్నా ముందు వచ్చిన చిన్న చప్పుడు వాసవికి వినిపించింది. ఆ తర్వాత అరుపు. పై వరసల్లో వాళ్ళకి ఏమీ కనిపించలేదు. అక్కడ ఛుక్ ఛుక్ ఇంకా కాసేపు నడిచింది.

స్ట్రెచరు తెచ్చారు. ఆమెని మోసుకుపోతుంటే మైకు పలకాలి, అది రివాజు. అనిరుధ్ గొంతు సర్దుకున్నాడు. ఆ అమ్మాయి పేరు చెప్పి చప్పట్లు అడగాలి. మైకు చాలాసేపు ఖాళీగా గురగురలాడింది. చివరికి, "శ్రీలంక క్రీడాకారిణికి చప్పట్లు," అన్నాడు.

అతనికి ఆ పేరు రాదని వాసవికి అప్పుడే అర్థమైంది. ముక్కలు ముక్కలుగా లాగడం వచ్చు. పలకడం రాదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక అనిరుధ్ చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు. మోచెయ్యి కీలు తప్పింది, నరం కూడా తెగిందంటున్నారు, ఆపరేషన్ చేస్తారు, మళ్ళీ బరువు ఎత్తగలదో లేదో చెప్పలేమన్నారు.

"టెక్నిక్ తప్పు," అన్నాడు. "చెయ్యి లాక్ అవలేదు. కోచ్‌లు కూడా అదే అంటున్నారు. మాటకి చెయ్యి విరుగుతుందా?"

"విరగదేమో," అంది వాసవి. "నాకు తెలీదు. కానీ ఆ పిల్ల బార్ ఎత్తేటప్పుడు చెవిలో ఉన్నది మన మాటే. అది నేను మంచం మీద పడుకుని పుట్టించిన మాట."

"నీ పేరు ఎవరికీ తెలీదులే. నన్ను కూడా ఎవరూ ఏమనలేదు. జనం బాగా వచ్చారని మెచ్చుకున్నారు. రేపు కూడా నన్నే ఉండమన్నారు."

"అదే నాకు భయంగా ఉందండీ."

బలరాం వరండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"నాను ప్లాంటులో చేరిన రోజు మేస్త్రి హాజరు పిల్చినాడు," అన్నాడు మెల్లగా. "యెన్నింటి బలరాం అని సదవలేకపోనాడు. నోరు వంకర తిప్పీసి, ఏదో సేసి సదివినాడు. అందరూ నవ్వినారు. నానూ నవ్వీసినాను, మరేటి సేత్తాను. ఆ రోజు నుంచి రావ్ అన్నారు. ఆంధ్రావోడంటే రావే కదా ఈళ్ళకి. ముప్పై నాలుగేళ్ళు రావ్. రిటైరైన రోజు దండేసినోడు కూడా రావ్ సాహబ్ అనే అన్నాడు. ఆ పిల్ల కూడా మొదట నవ్విందేటమ్మా?"

"నవ్వింది మావయ్యగారూ."

"ఊఁ," అని ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు.

వాసవి మంచం కిందికి వంగి, మరమరాలు అంటుకున్న జాబితా తీసింది. నలిగిన మూలలు అరచేత్తో సాపుచేసింది.

"రేపు పోటీ పదకొండింటికి కదా. ఎనిమిదింటికే ఆసుపత్రికి వెళ్దాం. ఆ అమ్మాయినే అడుగుదాం, నీ పేరెలా పలకాలి అని. వచ్చేదాకా చెప్పించుకుందాం."

"మన మొహం చూడనంటే?"

"చూడనంటే బయటే నిలబడదాం. వాళ్ళ కోచ్‌ని అడుగుదాం. ఆయనా చెప్పనంటే అదే మైకులో చెప్పండి. అడగలేదు, ఎగతాళి చేశాం, ఇప్పుడు అడిగితే చెప్పలేదు అని." అదే గొంతుతో ఇంకా అంది. "నా పేరు చెప్పాలన్నాను కదా ఆ రోజు. రేపు చెప్పండి. ఆ మాట యెన్నింటి వాసవిదని."

అనిరుధ్ నేల చూస్తూ చొక్కా గుండీ ఒకటి విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

బలరాం గోడకున్న చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కోడలి చేతిలోని కాగితం అందుకున్నాడు. దీపం కిందికి తీసుకెళ్ళి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూశాడు.

"ఏడున్నరకి తయారుగా ఉండండి," అన్నాడు. "ఆటో నాను మాటాడతాను. నానూ వస్తాను."