నాలుగు వేళ్ళ ఎడం

నేను ఒక కారు సీటును. డ్రైవరు కూర్చునే సీటును. నన్ను కారులోంచి విప్పి, చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక ఇంటి వసారాలో పెట్టిన రోజు ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు చెబుతాను. సీట్లు కుట్టే మీరావలి. మిషను దగ్గర ఆయన భార్య సైదాబీ. నులకమంచం మీద ఆయన తల్లి మస్తాన్‌బీ. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు రిజ్వానా. ఆమె పక్కన ఇరవై రోజుల పసిపాప, ఇంకా పేరు పెట్టలేదు. వసారా రేకులు తలకు తగలకుండా మెడ వంచి నిలబడ్డ హైమావతి. నేను అక్కడికి వచ్చింది ఆమె కోసమే. ఆమె ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు.

నేను పుట్టింది ఈ దేశంలో కాదు. చలి ఎక్కువగా ఉండే ఒక దేశంలో, పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను గీసినవాళ్ళు ముందు ఒక మనిషిని ఊహించుకున్నారు. అతను పొడుగూ కాదు, పొట్టీ కాదు. లావూ కాదు, సన్నమూ కాదు. అతని కొలతలకే నన్ను తయారుచేశారు. ఇరవై ఏళ్ళు గడిచాయి కానీ ఆ మనిషి ఇంతవరకు నా మీద కూర్చోలేదు. అతను అసలు కారు కొనలేదేమో.

మా కారు పందెపు కారు. ఎర్రగా ఉంటుంది. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తులో నడుస్తుంది. నా మొదటి యజమాని హైదరాబాదులో నేలకు పరిచే టైల్సు అమ్మే ఒక పొట్టి పెద్దమనిషి. రోడ్డు కనబడడం కోసం నా మీద రెండు దిళ్ళు వేసుకుని కూర్చునేవాడు. ఆయన కారు నడిపిన గంటల కంటే తుడిపించిన గంటలే ఎక్కువ. రెండో ఆయన పెళ్ళిళ్ళకు మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. నా వెనకున్న కాస్త ఖాళీలో పెద్ద పాటల పెట్టె బిగించి, నన్ను జానెడు ముందుకు నెట్టేశాడు. పాట మొదలైతే నా స్ప్రింగులన్నీ అదిరేవి. నాకు సంగీతం ఇష్టం లేకుండా పోయింది ఆయన వల్లే.

మూడో మనిషి హైమావతి. గుంటూరు రైల్వేలో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. వాలీబాల్ ఆడినందుకు వచ్చిన ఉద్యోగమట. మీరు మనుషుల్ని ముఖం చూసి గుర్తుపడతారు. నేను వీపును బట్టి గుర్తుపడతాను. ఆమె వీపు నాకు ఎప్పుడూ పూర్తిగా ఆనేది కాదు. కప్పు తగలకుండా మెడ ముందుకు వంచేది. మోకాళ్ళు స్టీరింగుకు తగలకుండా ఒక పక్కకు తిప్పేది. అరగంట నడిపితే దిగి, రోడ్డు పక్కన నిలబడి నడుమూ కాళ్ళూ రాసుకునేది. అయినా మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చునేది. ఆ ఇష్టం ఏమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. కారు వేగం అందుకున్నప్పుడు మాత్రం ఆమె లోపలే చిన్నగా ఏదో పాడుకునేది. ఆ పాట నాకు నచ్చింది.

విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద ప్రతి ఏడూ కార్ల పోటీ జరుగుతుంది. ఒక్కో కారు ఒంటరిగా పరిగెడుతుంది. గడియారంతోనే పోటీ. అక్కడ ఒక నియమం ఉంది. డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని నిటారుగా కూర్చుంటే, హెల్మెట్‌కీ కారు కప్పుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. పట్టకపోతే ఇంటికే. కిందటేడు పరీక్ష చేసే అధికారి చెయ్యి పెట్టి చూశాడు. ఆమె వంగి ఉన్నా కాగితం కూడా పట్టలేదు.

"కారు బాగుంది మేడం. దీనికి సరిపోయే డ్రైవర్ని తెచ్చుకోండి" అన్నాడు.

వెనక వరుసలో ఎవరో, "తల బయటపెట్టి తోలమనండి సార్!" అన్నారు. అందరూ నవ్వారు. హైమావతి కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగా ఆమె వణకడం నా ఒక్కదానికే తెలిసింది.

ఈసారి కూడా వెనక్కి పంపితే కారు అమ్మేస్తానని ఆమె మీరావలికి చెప్పింది. గుంటూరులో ఒక డాక్టరు కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయనది ఐదడుగుల నాలుగంగుళాలు. ఆయనకు నేను మార్పేమీ లేకుండా సరిపోతాను. పోటీకి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి.

"నువ్వు దిగులుపడమాక చెల్లెమ్మా" అన్నాడు మీరావలి. "కాశ్మీరు దాకా లారీ తోలేవాళ్ళు నా సీటు మీద కూసుంటే నిద్రపోతారు, తెలుసా?"

"వాళ్ళు నిద్రపోతే లారీ ఎవరు తోలతారంట?" అంది సైదాబీ, మిషను ఆపకుండానే.

మీరావలి తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. తండ్రి పరుపులు కుట్టాడు. ఈయన లారీ సీట్లు కుడుతున్నాడు. కావలసినవాళ్ళు వస్తే రెండు గుప్పిళ్ళు దూది ఎక్కువ వెయ్యడం మూడు తరాలుగా ఆ ఇంటి మర్యాద. హైమావతి చెల్లెమ్మ అయింది కనక ఆయన మర్యాదకు లోటు చెయ్యలేదు. నా అడుగున మూడంగుళాల స్పాంజి వేశాడు. వీపుకు రెండంగుళాలు వేశాడు. పైన మంచి నల్ల రెక్సిన్ తొడిగాడు. పండగపూట ఆకలి చూసుకోకుండా తిన్నవాడిలా ఉబ్బిపోయాను. వసారా గోడకున్న అద్దంలో చూసుకుంటే బాగానే ఉన్నాననిపించింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడ్డాను.

నాలుగు రోజుల తర్వాత హైమావతి వచ్చింది. నన్ను కారులో బిగించారు. ఆమె ఎక్కింది. మెడ ఎంత వంచినా చాలక తల కప్పుకు ఆనుకుని పూర్తిగా పక్కకు వాలిపోయింది. వీపు వెనక పెరిగిన రెండంగుళాలు ఆమెను ముందుకు తోశాయి. మోకాళ్ళు స్టీరింగుకు అటొకటీ ఇటొకటీ ఇరుక్కున్నాయి.

"ఎట్టా ఉంది చెల్లెమ్మా?" మీరావలి ముఖం వెలిగిపోతోంది.

"చాలా మెత్తగా ఉందన్నా" అంది హైమావతి.

అది అబద్ధం కాదు. నేను మెత్తగానే ఉన్నాను. ఎదుటివాళ్ళు కష్టపడి చేసిన పని బాగాలేదని చెప్పలేని మనుషులు కొందరుంటారు. నిజం గొంతు దాకా వస్తుంది. ఎదుటివాళ్ళ ముఖం చూడగానే మళ్ళీ లోపలికి పోతుంది. ఆమె ఆ నల్ల రెక్సిన్‌ను చేత్తో నిమిరి, డబ్బు ఇచ్చేసి, అలా వంకర మెడతోనే వెళ్ళిపోయేది. వెళ్ళి కారు డాక్టరుకు ఇచ్చేసేది. కానీ మంచం మీదినుంచి మస్తాన్‌బీ చూస్తూనే ఉంది.

"అంత మెత్తగా ఉంటే, ఆ మెడేందమ్మాయ్, కునికే కోడిపెట్ట లాగా?" అంది.

రిజ్వానా కొంగు నోట్లో కుక్కుకుంది. హైమావతి చెంపలు ఎర్రబడ్డాయి. మీరావలి నవ్వలేదు. కారు చుట్టూ తిరిగి, అద్దంలోంచి తొంగిచూసి, కప్పుకు నొక్కుకున్న ఆమె జుట్టు చూశాడు.

"ఇంకో అంగుళం ఏసి చూద్దామా?" అన్నాడు నెమ్మదిగా. ఆయనకు తెలిసిన మందు అదొక్కటే.

"ఇంకో అంగుళం ఏస్తే కప్పుకి బొక్క పెట్టాల" అంది సైదాబీ.

హైమావతి మెల్లగా కాళ్ళు ఒక్కొక్కటే బయటికి తీసుకుంది. "మీరు ఇంత ఇష్టంగా చేశారు. ఎట్టా చెప్పాలో తెలియలేదన్నా" అంది. ఆ మాట చెప్పడానికి ఆమె ఎంత కష్టపడిందో నేను చూశాను. నాకు సిగ్గేసింది. ఉబ్బినంతసేపు పట్టలేదు గర్వం దిగడానికి.

మస్తాన్‌బీయే పసిపాపను చూపిస్తూ మళ్ళీ నోరు తెరిచింది. "ఒరే మీరా, ఈ పిల్లదాని తల కింద మూడంగుళాల దూది ఎందుకు ఏయలేదురా నువ్వు?"

"పసిపిల్లకి దూది దిండెవరైనా ఏస్తారా అమ్మా? తల ఒకపక్కకి అణిగిపోద్ది. ఆవాల దిండేగా ఏసేది."

"ఆవాలెందుకు?"

"ఆవాలు తల ఎట్టుంటే అట్టా జరిగి..." మీరావలి అక్కడితో ఆగిపోయాడు.

"ఆ. జరిగి చోటిస్తయ్. ఈ అమ్మాయికి చోటు లేక చస్తంటే నువ్వు పరుపులు ఏస్తన్నావ్" అంది ముసలమ్మ, ఆకూవక్కా నోట్లో వేసుకుని.

ఆ సాయంత్రమే మీరావలి పన్నెండు కిలోల ఆవాలు తెచ్చాడు. కిరాణా కొట్టాయన, "ఊరందరికీ ఆవకాయ మీరే పెడుతున్నారా ఏంది?" అని అడిగాడట. సైదాబీ పాత లుంగీలు కలిపి పెద్ద సంచి కుట్టింది. మీరావలి నన్ను మళ్ళీ కారులోంచి విప్పి వసారాలోకి తెచ్చి, నా మీద వేసిన స్పాంజి అంతా ఒలిచేశాడు. ఫ్యాక్టరీలో వేసింది కూడా ఒలిచాడు. చివరికి ఇనుప తొట్టిగా మాత్రమే మిగిలాను. అంతమంది ముందు అలా ఉండడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. ఆ తొట్టిలో ఆవాల సంచి పరిచి, హైమావతిని కూర్చోమన్నారు.

ఆవాలు గలగలమంటూ కదిలాయి. ఎక్కడ బరువు పడితే అక్కడినుంచి తప్పుకున్నాయి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి చేరాయి. వాటికి ఎవరూ నేర్పలేదు.

"కదలమాక చెల్లెమ్మా. ఊపిరి పీల్చుకో, కదలమాక."

"ఊపిరి పీలిస్తే కదలదా?" అంది సైదాబీ.

ఆమె లేచేసరికి సంచిలో లోతైన అచ్చు పడింది. తుంటి దగ్గర ఇనుము తగిలేంత లోతు. తొడల కింద మాత్రం మోకాళ్ళ దాకా ఎత్తుగా గట్టు కట్టింది. మీరావలి ఆ గట్టును తడిమి చూసి, "అందుకా కాళ్ళు లాగింది! ఇన్నాళ్ళూ తొడల కింద ఆసరా లేదు. గాల్లో ఉన్నాయ్" అన్నాడు. ఇక ఆయన ఎవరి మాటా వినిపించుకోలేదు. వేళ్ళతో లోతులు కొలిచి గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు. కొలతలు అయ్యాక రిజ్వానా పాపను తెచ్చి అచ్చులో పడుకోబెట్టింది. అప్పటికి పాపకు పేరు పెట్టేశారు, నఫీసా. ఆరడుగుల రెండంగుళాల మనిషి చేసిన గుంటలో నఫీసా గంటసేపు హాయిగా నిద్రపోయింది.

తర్వాత నా పని జరిగింది. గట్టి స్పాంజిని రంపపు బ్లేడుతో ఆ అచ్చు ప్రకారం చెక్కారు. వెనక అరంగుళం కంటే ఎక్కువ లేదు, ముందు మూడంగుళాలు ఉంది. నన్ను కారు నేలనుంచి ఎత్తిపెట్టిన రెండు ఇనుప కాళ్ళు తీసేశారు. పాటల పెట్టెను పీకి బయట పడేశారు. అది పోయిన రోజు నాకు పండగే. నేను జరిగే పట్టాలను ఆ ఖాళీలోకి జానెడు వెనక్కి జరిపి, కారు అడుగునుంచి ఇనుప బిళ్ళలు వేసి, కొత్త బోల్టులతో బిగించారు. మీరావలి నా మీద ఎక్కి నాలుగుసార్లు గెంతి చూశాడు. నేను కదలలేదు. బక్కగా, పొట్టిగా, ఎవరి కంటికీ ఆనకుండా తయారయ్యాను. సైదాబీ రెక్సిన్ కుడుతూ, "లారీవాళ్ళు చూస్తే ఇది సీటా అట్టముక్కా అంటారు" అని నవ్వింది.

పోటీ రోజున మీరావలి కూడా వచ్చాడు. పానా, స్క్రూడ్రైవరు ఉన్న సంచి చంకలో పెట్టుకున్నాడు. పొద్దున తొమ్మిదికే రన్‌వే కాలుతోంది. మా ముందు ఏడు కార్లు ఉన్నాయి. హైమావతి హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పందెం మొదలయ్యే గీత దగ్గరికి వెళ్ళడమా, గుంటూరు డాక్టరు దగ్గరికి వెళ్ళడమా అన్నది ఇంకాసేపట్లో తేలిపోతుంది.

అదే అధికారి వచ్చాడు. తలుపు తెరిచి, చెయ్యి లోపలికి పెట్టాడు. చెయ్యి సులువుగా పట్టింది. మీరావలి 'హమ్మయ్య' అనబోయాడు. కానీ అధికారి చెయ్యి తీసి ఆమెకేసి చూశాడు.

"వంగారు మేడం" అన్నాడు.

నిజమే. ఆమె వంగింది. మోసం చెయ్యాలని కాదు. బడిలో వెనక బెంచీలో కూర్చున్న రోజులనుంచి, ఫోటోలు తీసేటప్పుడు, బస్సు ఎక్కేటప్పుడు, పెళ్ళిచూపుల్లో, ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు వంగమంటూనే ఉన్నారు. ఆమె ఒళ్ళు ఇక ఎవరూ చెప్పక ముందే వంగుతోంది.

"నిటారుగా కూర్చోండి. పూర్తిగా. అప్పుడే లెక్క" అన్నాడు ఆయన.

ఆయనకు అది మామూలుగా చెప్పే మాట. కాగితాల అట్ట పట్టుకుని, చెమట తుడుచుకుంటూ చెప్పాడు. కానీ ఒకరు ఆమెను నిటారుగా కూర్చోమని అడగడం ఆమె జీవితంలో అదే మొదటిసారేమో. నాకు భయం వేసింది. అచ్చు తప్పయి ఉంటే? ఆవాలు అబద్ధం చెప్పి ఉంటే? ఆమె ముందు నడుము ఆన్చింది. తర్వాత వీపు. తర్వాత భుజాలు. చివరికి మెడ లేచింది. ఆమె బరువు మొత్తం నాకు అందడం అదే మొదలు. నేను చెయ్యగలిగిందల్లా ఉన్నచోట ఉండడమే. ఉన్నాను.

అధికారి వేళ్ళు పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. చిటికెన వేలు దగ్గర చెయ్యి కాస్త ఆగింది. ఆయన చిటికెన వేలు లావు. మీరావలి సంచిని గుండెకు అదుముకున్నాడు. ఆ వేలు కూడా లోపలికి పోయింది.

ఆయన అట్ట మీది కాగితంలో టిక్కు పెట్టి, అద్దానికి పచ్చ కాగితం అంటించి, తర్వాతి కారు దగ్గరికి నడిచాడు.

మీరావలి తెరిచిన తలుపులోంచి లోపలికి వంగాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, ఎండ వల్ల అనుకుందాం. "మోకాళ్ళెట్టా ఉన్నాయ్ చెల్లెమ్మా?"

హైమావతి హెల్మెట్ లోపలినుంచి, "ఎక్కడున్నాయో కూడా తెలియట్లేదన్నా" అంది.

అంతకంటే మంచి మాట ఏ సీటూ విని ఉండదు. నొప్పి పెట్టినంత కాలం మనుషులు సీటును తలుచుకుంటూనే ఉంటారు. నొప్పి పోగానే సీటు ఉందనే మరిచిపోతారు. హైమావతి అప్పటికే నన్ను మరిచిపోతోంది. ఆమె కళ్ళు గీత దాటి రన్‌వే చివరికి వెళ్ళిపోయాయి, లోపల ఆ పాట మొదలైంది. నాకు ఏ బాధా లేదు. నా మీద ఆమె బరువు నిండుగా ఉంది.

మైకులో మా నంబరు పిలిచారు. మీరావలి వంగి, ఆమె మోచెయ్యి లోపలే ఉందో లేదో చూసి, తలుపు వేశాడు.