తడి దూది

పొద్దున్న క్లినిక్‌లో నేను సిమెంటు పెట్టిన పన్ను గుర్తొచ్చి, మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచిపోయాను.

"మా మేనకోడలి పన్ను మీద తడి దూది పెట్టామా?" అని అడిగాను మా నర్సుని.

"మీరు గాలి కొట్టి ఆరబెట్టేశారు కదా మేడం..."

"మరి అప్పుడే చెప్పొద్దూ?" అని అరిచాను. చెబితే మాత్రం నేను వినే రకమా?

పళ్ల డాక్టరుగా ఇరవై రెండేళ్ల అలవాటు. పాత సిమెంటుకి చుక్క తడి తగలకూడదు. పొద్దున్న పెట్టిన ఈ కొత్తదానిది వేరే తిక్క, తడి ఉంటేనే గట్టిపడుతుంది. గట్టిపడితే కిందున్న నరాన్ని కాపాడి, పన్ను తన గోడ తనే కట్టుకునేలా చేస్తుంది. ఆరిపోతే ఉత్త సుద్దపొడి. ఎనిమిదేళ్ల పిల్ల, సైకిల్ మీంచి పడి ముందు పన్ను సగం విరగ్గొట్టుకుంది. వేరింకా పూర్తిగా ఎదగలేదు. నరం చస్తే ఎదుగుదల అక్కడితో సరి, ఆ పన్ను ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు.

కాలు నిలవలేదు. రేపు చూద్దాంలే అని ఫోను పక్కన పెట్టాను, మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాను. పైగా "ఇంక సూది లేదే, ఒట్టు" అని పిల్లకి చెప్పి పంపాను. సిగ్గేసింది.

చివరికి తమ్ముడికి ఫోన్ చేశాను.

"బ్రహ్మాండంగా వచ్చిందన్నావు కదక్కా?"

"రాలేదురా. పొరపాటు నాదే. ఇప్పుడే తీసుకురా."

"సరే" అన్నాడు, అంతే. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

పిల్ల కుర్చీ ఎక్కింది గానీ నోరు తెరవదే!

"ఒట్టేశావు," అంది పళ్లు బిగించే.

"వేశానే తల్లీ. తప్పు చేశాను. నువ్వు కాదు, నేను. మళ్లీ సూది వెయ్యాలి."

నర్సు నా వైపు వింతగా చూసింది. నా నోట 'తప్పు చేశాను' అన్న మాట ఆమె ఎప్పుడు విన్నది గనక!

పిల్ల చాలాసేపు నన్నే చూసింది. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

సూది వేశాక, పరికరం మొన తగలగానే సిమెంటు పొడిపొడిగా రాలింది. నీళ్లతో కడిగాను. అడుగున ఏమీ కనబడలేదు. ఇంకోసారి కడిగాను. అప్పుడు మెల్లగా ఎర్రటి చుక్క ఒకటి ఊరింది. నరం బతికే ఉంది.

"ఏడవకు అత్తా, నాకు నొప్పి లేదులే," అంది పిల్ల, నోట్లో ఉమ్మి లాగే గొట్టంతోనే.