అడవి నడకకు అనుమతి

కందిపప్పు కుక్కర్లో పెట్టి, మూడు కూతలు వచ్చేలోపు దరఖాస్తు నింపాను. గ్యాస్ కనెక్షన్ నుంచి పిల్లల బడి దాకా మా ఇంట్లో కాగితాలన్నీ నేనే నింపుతాను. పేరూ సంతకమూ మా ఆయన యాదగిరివి. ఈసారి కూడా చెయ్యి అలవాటుగా ఆయన పేరే రాసింది. పాకాల దారిలోని అడవిలో ఆదివారం పొద్దున నడవడానికి మా బజారు ఆడవాళ్లం నలభైమందిమి అనుమతి అడుగుతున్నాం. పదిహేను రోజులుగా నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఒక్క మగమనిషి కూడా రాని నడకకు నిర్వాహకుడు ఆయన. నవ్వొస్తే నవ్వండి.

నిర్వాహకుడిని రమ్మని ఫారెస్టాఫీసు నుంచి ఫోనొస్తే ఇద్దరం వెళ్లాం. రేంజర్ మేడం ఆయన్నే అడిగింది.

"ఎన్ని జట్లుగ పోతరు? ఎవలకన్న కాలు బెణికితె ఎట్ల? చెత్త ఎవలు తెస్తరు?"

ఆయన నా మొహం చూశాడు. "ఆడోళ్లు మేడం. ఇంత తిని, ముచ్చట పెట్టుకొని వస్తరు. ఇంకేముంటది?"

"గట్లయితె అనుమతి ఇయ్యలేను." ఆమె ఫైలు మూసేసింది.

అరవై రెండేళ్ల భద్రమ్మ జీవితంలో మొదటిసారి బూట్లు కొనుక్కుంది, ఈ నడక కోసమే. ఇక ఆగలేక అందుకున్నాను. పదేసి మంది చొప్పున నాలుగు జట్లు. మందుల డబ్బాతో నర్సు ప్రేమలత వెంటే ఉంటుంది. పొయ్యి వెలిగించం, పులిహోర ఇంటినుంచే. ఎవరి చెత్త వాళ్ల సంచిలోనే వెనక్కి. ఎక్కడా తడబడలేదు. "మా ఆమెకు ఇంట్ల ఏం పనుంటది" అని ఆయన దుకాణంలో అందరితో అనే మాట గుర్తొచ్చి ఇంకా గట్టిగా చెప్పాను. ఇరవై మూడేళ్లుగా ఆయన చుట్టాల పెళ్లిళ్లూ బోనాలూ నడిపిందెవరు మరి?

మేడం కొత్త కాగితం నా ముందు పెట్టింది. "మీ పేరు రాయుండ్రి అక్కా."

పట్టలేని సంతోషంతో లక్ష్మీనర్సమ్మ అని రాశాను.

అనుమతి పత్రం తీసుకుని బయటికొచ్చాక బండి తీస్తూ ఆయన అన్నాడు, "మంచిదే గని, పదకొండుకల్ల ఇంట్ల ఉండాలె. మా అక్కోళ్లు అన్నానికి వస్తాండ్లు."

పత్రంలోని షరతు చదివి వినిపించాను. చివరి మనిషి అడవి దాటేవరకు నిర్వాహకురాలు అక్కడే ఉండాలట.

"ఆ చివరి మనిషి ఎప్పుడొస్తదో ఏమో," అని గొణిగాడు.

"ఫికరు వద్దు. అక్కోళ్లకు మీరే వండి పెట్టుండ్రి," అన్నాను. "ఆ చివరి మనిషిని నేనే."