బొప్పాయి మీద బొటనవేలు

"నొక్కకండి అన్నానా?"

"నొక్కకపోతే పండిందో లేదో ఎలా తెలుస్తుంది?"

పొద్దున్నే మా ఇంట్లో బొప్పాయి మీద గొడవ. పండిందని నేను చెప్పాను. ఆ మాటతో ఊరుకోవచ్చు కదా, ఊహూ! మా ఆయన బొటనవేలితో తిప్పి తిప్పి నొక్కి, గుంటలు పెట్టి, "ఆఁ, పండింది. మధ్యాహ్నం కోద్దాం" అని తీర్పు చెప్పారు. బల్ల తుడుస్తున్న నాకు ఒళ్ళు మండింది. ఒక్క పండు కోసం అంత మంట అక్కర్లేదు. కానీ ఆ రోజు నాకు రెండో స్కాన్ ఉంది, పొట్ట లోపల ఎంత గట్టిపడిందో చూడ్డానికి.

నా నొప్పినీ ఈ ఇంట్లో అలాగే చూశారు. పై పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఏళ్ళుగా వస్తూ పోతూ ఉంది. అత్తయ్య ఒకసారి నన్ను పడుకోబెట్టి అరచేత్తో తడిమి, "దూదిలా ఉందమ్మా పొట్ట. గ్యాసు, అంతే" అని తేల్చేశారు. "మా అక్కావాళ్ళు వస్తున్నారంటేనే వస్తుందేం నీ నొప్పి?" అని మా ఆయన నవ్వేవారు. నిజమే, చుట్టాలున్నప్పుడే ఎక్కువయ్యేది. అందరూ తిని లేచాక, ఏ సాయంత్రానికో, అడుగున నూనెతో మిగిలిన వేపుడు వంటగట్టు దగ్గర నిలబడి తినేదాన్ని. ఆ వేపుడుకీ నా నొప్పికీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు. కాలేజీలో కొవ్వుని అరిగించే క్లోమగ్రంథి (పాంక్రియాస్) బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నాకూ తట్టలేదు.

స్కాన్ గదిలో పొట్ట మీద చల్లటి జెల్ రాస్తూ, "ఏమీ తినకుండా వచ్చారా?" అని అడిగింది స్కాన్ చేసే అమ్మాయి.

"నాకది అలవాటేనమ్మా."

"ఊపిరి బిగపట్టండి."

అదీ అలవాటే.

"పైనుంచి చూసి లోపల ఎంత గట్టిగా ఉందో ఎలా చెప్తారు?" అన్నాను.

"ధ్వని తరంగాలతో లోపల చిన్నగా ఒక తోపు తోస్తామండీ. దాంతో అల పుడుతుంది. మెత్తటి చోట నెమ్మదిగా నడుస్తుంది, బిరుసెక్కిన చోట పరుగెడుతుంది. ఆ వేగం కొలుస్తాం."

"మా ఆయన బొప్పాయిని నొక్కినట్టు!"

తలుపు దగ్గర కుర్చీలో ఉన్న మా ఆయన ఇబ్బందిగా కదిలారు. "కాకపోతే మా దాంతో గుంట పడదు" అంది ఆ అమ్మాయి. ఇద్దరం నవ్వేశాం. "మీరు నవ్వితే కొలత పోతుంది, మళ్ళీ బిగపట్టండి!"

డాక్టరుగారు నిదానంగా చెప్పారు. "ఈ కొలత ఒక్కదాన్నే పట్టుకుని తేల్చేయం. కానీ ఇదీ, మీ పాత స్కానూ, పరీక్షలూ, మీ నొప్పీ ఒకే మాట చెప్తున్నాయి. క్లోమానికి చాలాకాలంగా వాపు ఉంది, అది బిరుసెక్కింది. తాగుడు, పొగ ఏమైనా?"

మా ఆయన నవ్వారు. "అయ్యో, తను కాఫీ కూడా సరిగ్గా తాగదండీ."

"వేడిగా దొరికితే తాగుతాను" అన్నాను.

డాక్టరుగారు నన్ను కాదు, ఆయన్ని చూశారు. "ఈ మందు మొదటి ముద్దతోనే వేసుకోవాలి. నూనె తగ్గించి, కొంచెం కొంచెంగా, వేళకి తినాలి."

జబ్బని తెలిశాక దిగులు పడాలి. నాకేమో కారులో కూనిరాగం వస్తోంది. లోపల ఉన్నదాన్ని ఇన్నాళ్ళకి ఒకరు ఉందన్నారు!

"ఇంత ఉంటే ముందే చెప్పొచ్చు కదా?" అన్నారు మా ఆయన.

"చెప్పాను. అప్పుడు నా పక్కన స్క్రీను లేదు."



మధ్యాహ్నం గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి, అత్తయ్యకి వడ్డించి, నా కంచం తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి ముద్దతో మందు మింగాను. అన్నం పొగలు కక్కుతోంది.

"అదేంటమ్మా, అప్పుడే కూర్చున్నావ్? వాడికెవరు వడ్డిస్తారు?" అన్నారు అత్తయ్య.

"గరిట ఆయన చేతికి దగ్గర్లోనే ఉందత్తయ్యా. ఇవాళ్టి నుంచి నేను మీతోపాటే తింటాను. మధ్యలో లేవను. చుట్టాలొచ్చినా సరే."

అత్తయ్య కూర గిన్నె నా వైపు జరిపి, "మా రోజుల్లో ఈ మిషనుంటే నేనూ కూర్చునేదాన్నే" అన్నారు.

మా ఆయన తనే వడ్డించుకుని తిన్నారు. లేచి వెళ్ళి బొప్పాయి తెచ్చారు. అలవాటుగా బొటనవేలు లేచింది.

"నొక్కకండి. పండిందని నేను చెప్పాను కదా. కోసి పెట్టండి."