ఆఖరి పెట్టె

ఆ ఏడు మోంటానాలో వేట మొదలయ్యే వేళకి తూటాలకు కరువొచ్చింది. డెల్బర్ట్ కొట్టులో మాత్రం ఆ కరువు కౌంటరు దాకానే. వెనక గదిలో టార్పాలిన్ పట్టా కింద నలభై పెట్టెలున్నాయి. అతను వాటిలో ఒక్కటే తెచ్చి అరలో పెట్టేవాడు. అది అమ్ముడయ్యాక, మనుషులు లేని సమయం చూసి ఇంకొకటి. ఎవరడిగినా "ఇదే ఆఖరిది" అనేవాడు. ఆ ఒక్క మాటతో పాతిక డాలర్ల పెట్టె ఎనభైకి పోయేది.

స్కూలు బస్సు నడిపే వెర్నాకూ అదే చెప్పాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు.

"ఎనభయ్యా! నిలువునా దోచేస్తున్నావు కదయ్యా" అంది వెర్నా. "దుప్పి పడకపోతే చలికాలమంతా నీ ఇంటికే భోజనానికొస్తా, చూసుకో."

"ఏం చెయ్యనమ్మా, సరుకు రావట్లేదు" అన్నాడు డెల్బర్ట్, ఆమె ముఖంలోకి చూడకుండా.

పది రోజులకు ఆమె మళ్ళీ వచ్చింది. కాగితంలో చుట్టిన దుప్పి మాంసం కౌంటరు మీద పెట్టింది. పక్కనే గుప్పెళ్ళతో తూటాలు పోసింది.

"గురి సరిచూసుకోడానికి రెండు, దుప్పికి ఒకటి. పదిహేడు మిగిలాయి. ఆఖరి పెట్టె నేనే పట్టుకుపోయానని ఒకటే బాధనుకో. లేనివాళ్ళకి తలా నాలుగు ఇవ్వు. డబ్బులు మాత్రం తీసుకోకు!"

డెల్బర్ట్‌కు తల కొట్టేసినట్టయింది. అబద్ధం తనది. తప్పు చేశానని ఇన్నాళ్ళూ కుమిలింది ఆమె.

అంతలో గొర్రెల మంద ఉన్న క్లైడ్ లోపలికొచ్చాడు. "ఆ తూటాలేమైనా దొరికాయా పెద్దాయనా?"

వెర్నా నాలుగు తీసి అతని చేతిలో పెట్టబోయింది.

"ఆగు" అన్నాడు డెల్బర్ట్. వెనక గదిలోకి వెళ్ళి, చేతులు పట్టినన్ని పెట్టెలు తెచ్చి కౌంటరు మీద దించాడు. "పాతికే. ఎప్పటి ధరే. లోపల ఇంకా ఉన్నాయి. ముందునుంచీ ఉన్నాయి."

క్లైడ్ ఈల వేశాడు. వెర్నా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది డెల్బర్ట్‌కు. ఆమె తన తూటాలన్నీ ఒక్కొక్కటే ఏరి కోటు జేబులో వేసుకుంది. మాంసం పొట్లం మాత్రం ముట్టుకోలేదు.

"అదీ తీసుకెళ్ళు వెర్నా" అన్నాడు డెల్బర్ట్.

"నీకని తెచ్చాను కదా" అంది ఆమె తలుపు తీస్తూ. "ఫ్రిజ్‌లో పెట్టుకో, పాడైపోతుంది."